రంగం వెళ్లాడన్న ముత్తాత: పాత కోర్టు, జైలు రికార్డుల్లో మన పెద్దల్ని వెతకడం

(గ్రంథాలయంలో ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎత్తి రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఊపండి, మైకు దగ్గరికి జరుగుతాను.

ఒక ప్రశ్న అడిగి మొదలుపెడతాను. మీ ఇంట్లో, నాన్నగారి వైపు గానీ అమ్మ వైపు గానీ, ఎవరూ మాట్లాడని మనిషి ఒకరున్నారా? చేతులెత్తమని అడగను, భయపడకండి. పేరు రాగానే మాట మార్చేస్తారు చూడండి, అలాంటి మనిషి. "ఆయన దేశాలు పట్టుకు పోయాడు" అంటారు. "సన్నాసుల్లో కలిసిపోయాడు" అంటారు. మా ఉత్తరాంధ్రలో ఇంకో మాట ఉంది. "రంగం వెళ్లాడు." రంగం అంటే రంగూన్ అని పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు, పిల్లలున్నారని చెప్తున్నాను. విశాఖపట్నంలో, భీమిలిలో, కాకినాడలో ఓడలెక్కి వేలమంది కూలికి బర్మా వెళ్లేవారు. చాలామంది తిరిగి రాలేదు. అందుకని ఇంట్లోంచి ఒక మనిషి కనబడకుండా పోతే, అడిగినవాళ్లకి రంగం అని చెప్తే సరిపోయేది. రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు.

మా ముత్తాత రంగం వెళ్లాడనే విన్నాను నేను. మా నాయనమ్మ చెప్పేది. ఆవిడకి మామగారు ఆయన. ఆవిడే ఎప్పుడో ఒకసారి, ఇంకేదో మాట్లాడుతూ, "మావకి రాజమండ్రం నీళ్లు పడలేదట" అంది. చిన్నతనంలో నాకేం తట్టలేదు. విశాఖపట్నంలో ఓడెక్కిన మనిషి రాజమండ్రి నీళ్లెందుకు తాగాడు? ఈ ప్రశ్న నాకు నలభై ఏళ్ల తరవాత వచ్చింది. అప్పటికి నేను కోర్టులో గుమాస్తాగా చేరి, చాలా ఏళ్లు రికార్డు రూములో పనిచేసి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాను. కోర్టులో పనిచేసినవాడికి రాజమండ్రి అంటే గోదావరి కంటే ముందు సెంట్రల్ జైలు గుర్తొస్తుంది.

అక్కడినుంచి వెతకడం మొదలైంది. ఆరేళ్లు పట్టింది.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లండులో ఇది చాలా పెద్ద వ్యాపకం. లండన్‌లో ఓల్డ్ బెయిలీ అనే కోర్టు ఉంది కదా, అక్కడ 1674 నుంచి 1913 దాకా జరిగిన విచారణల వివరాలు ఇంటర్నెట్టులో పెట్టేశారు. పేరు కొడితే వచ్చేస్తుంది. ఆస్ట్రేలియాకి 1788 నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మంది ఖైదీల్ని ఓడల్లో పంపారు. ఒకప్పుడు వాళ్ల మనవలు ఆ సంగతి దాచుకునేవారు. ఇప్పుడు మా తాత ఫలానా ఓడలో వచ్చాడని గర్వంగా చెప్పుకుంటున్నారు. మనకి ఆ సౌకర్యం లేదు. పేరు కొడితే రాదు. కాగితం ఎక్కడుందో మనమే ఊహించుకుని, అడిగి, తిరిగి, దుమ్ములో కూర్చుని చూడాలి. కానీ ఉంది. నేను చెప్పేదల్లా అదే. మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ ఉంది.

ఎక్కడుంది? మొట్టమొదట మీకు కావలసింది పేరు కాదండీ. ఏ ఊరు, ఏ ఏడు. ఈ రెండూ ముందు తేల్చుకోండి. ఏడాది తెలియకపోతే ఇంట్లో మాటల్ని పట్టుకోండి. "తుపాను ఏడు", "పెద్దాడు పుట్టిన ఏడు", "కరువు ఏడు" అంటారు కదా. మా ఊళ్లో ముసలివాళ్లు "ధాన్యం బళ్లు ఆపిన ఏడు" అనేవారు. అది 1897 అని తరవాత తేలింది. 1896-97లో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో కరువొచ్చింది.

ఇక ఊరు. ఊరు కదలదు గానీ జిల్లా కదులుతుంది! ఇది చాలామంది పట్టించుకోరు, అక్కడే ఏళ్లు పోతాయి. శ్రీకాకుళం మనిషి 1897లో కేసులో ఇరుక్కుంటే ఎక్కడ వెతుకుతారు? విశాఖలో కాదు. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు మన వైపు వచ్చింది. బాపట్ల వాళ్ల కేసు 1895లో అయితే? కృష్ణా జిల్లా రికార్డుల్లో చూడాలి, ఎందుకంటే గుంటూరు మళ్లీ జిల్లా అయింది 1904లో. ఒంగోలు 1904కి ముందు నెల్లూరు జిల్లా. లా చదివినవాళ్లందరికీ పాకాల నారాయణస్వామి కేసు తెలుసు. 1937లో పూరీ స్టేషన్లో రైలు పెట్టెలో శవమున్న ట్రంకు దొరికింది, ఆ కేసు. చనిపోయినవాడు పిఠాపురం మనిషి. మన తెలుగువాళ్ల కథే అదంతా. కానీ అప్పీలు వెళ్లింది మద్రాసు హైకోర్టుకి కాదు, పట్నాకి! నిందితుడి ఇల్లు బరంపురంలో, బరంపురం అప్పటికే ఒరిస్సాలో కలిసింది, ఒరిస్సాకి అప్పుడు హైకోర్టు పట్నాయే. అక్కడినుంచి లండన్‌లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, దాకా వెళ్లి 1939లో తీర్పొచ్చింది. మద్రాసులో కూర్చుని ఆ ఫైలు ఎన్నాళ్లు వెతికినా దొరుకుతుందా?

ఏజెన్సీ వాళ్ల సంగతి వేరు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టుల అధికారం తీసేశారు. కలెక్టరే గవర్నరు ఏజెంటు, ఆయనే జడ్జి. కాబట్టి మన్యం మనిషి కేసు సెషన్స్ కోర్టు కట్టల్లో ఉండకపోవచ్చు, ఏజెంటు ఆఫీసు కాగితాల్లో చూడాలి. తెలంగాణ వాళ్లకి, నిజాం రాజ్యం కాబట్టి, పాత కాగితాలు ఫార్సీలో, ఉర్దూలో ఉంటాయి. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉర్దూ చదివే మనిషిని వెంట తీసుకెళ్లండి, లేకపోతే కాగితం మీ చేతిలో ఉన్నా మీకు తెలియదు.

అమ్మా, మీరు రాసుకుంటున్నారు కదా, నిదానంగానే చెప్తాను.

కోర్టు కాగితాలు అన్నీ దాచరు. ఫైలు ముగిసినప్పుడు దాని మీద ఒక గుర్తు వేస్తారు. మన కలెక్టరాఫీసుల్లో పనిచేసినవాళ్లకి తెలుసు, ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచేది, డి.డిస్ అంటే పదేళ్లు, ఎల్.డిస్ అంటే ఇంకా తక్కువ. కోర్టుల్లోనూ ఇలాంటి పద్ధతే. చిన్న దొంగతనం కేసు, మేజిస్ట్రేటు కోర్టులో ఆరునెలల శిక్ష, అది దొరకడం కష్టం. ఎప్పుడో తగలబెట్టేసి ఉంటారు. హత్య కేసు, బందిపోటు కేసు అయితే ఆశ ఉంది. ఉరిశిక్ష పడితే ఇంకా ఆశ ఉంది. ఎందుకో తెలుసా? సెషన్స్ జడ్జి ఉరి వేసినా హైకోర్టు ఖాయం చెయ్యందే అమలు చెయ్యరు. కాబట్టి కాగితాలన్నీ మద్రాసు వెళ్తాయి. అక్కడ దాన్ని రిఫర్డ్ ట్రయల్ అంటారు, దానికో నంబరు ఉంటుంది. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. అదృష్టముంటే తీర్పు అచ్చయి కూడా ఉంటుంది. ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సంపుటాలు 1876 నుంచి ఉన్నాయి, పాత లాయర్ల ఇళ్లలో ఇప్పటికీ బీరువాల్లో కనబడతాయి. ఇక సర్కారు దాకా వెళ్లినవి ఉంటాయి. క్షమాభిక్ష అర్జీలు, శిక్ష తగ్గింపులు, అండమాన్ పంపమని ఉత్తర్వులు, ఇవన్నీ జ్యుడీషియల్ డిపార్టుమెంటు జీవోలు. అవి చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ రోజుల్లో ప్రతి ఏడాదీ ఒక ప్రతి లండన్‌కి కూడా పోయేది. ఇక్కడ చెదలు తిన్నది అక్కడ బ్రిటిష్ లైబ్రరీలో చెక్కుచెదరకుండా ఉండొచ్చు.

సెక్షన్ల గురించి ఒక్క మాట. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహిత వచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి. మీరు పాత కాగితం చదువుతుంటే 1860 నాటి పీనల్ కోడే పక్కన పెట్టుకోండి. 379 దొంగతనం. 457 రాత్రిపూట ఇంట్లో దూరడం. 411 దొంగసొత్తు దగ్గర ఉంచుకోవడం. 75 అని కనబడితే ఇంతకుముందు శిక్ష పడిన మనిషి అని. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 110 అని కనబడితే జాగ్రత్తగా చదవండి. అక్కడ నేరమేదీ రుజువు కాలేదు. "ఇతను చెడ్డవాడని ఊళ్లో పేరుంది" అని జామీను అడిగారు, ఇవ్వలేకపోయాడు, జైల్లో వేశారు. జామీను పెట్టేవాడు లేని పేదవాడు అన్నమాట.

మా ముత్తాత మీద రాసినది 395. డెకాయిటీ. బందిపోటు దొంగతనం.

నేను ఆ కాగితం చూసిన రోజు చెప్తాను మీకు. చేతులు వణికాయి. ముప్ఫై నాలుగేళ్లు అలాంటి కాగితాలు రోజూ కట్టలు కట్టి, విప్పి, నంబర్లు వేసినవాణ్ణి నేను. ఒక్కరోజూ చెయ్యి వణకలేదు. ఆ రోజు బందిపోటు అనే మాట చదివి కుర్చీలో కూలబడ్డాను. బందిపోటు అంటే మన కళ్ల ముందు ఏం కనబడుతుంది? గుర్రాలు, దివిటీలు, కత్తులు. అందుకే మా నాయనమ్మ దాచింది కాబోలు అనుకున్నాను.

తీర్పు మొత్తం చదివాను. ఏముంది అందులో? ధాన్యం బళ్లు రేవుకి పోతున్నాయి. కరువులో. ఊరి చివర ఏడుగురు మనుషులు బళ్లు ఆపారు. బండివాళ్లని ఒకరిద్దర్ని తోశారు, ఒకడి భుజానికి దెబ్బ తగిలింది. బస్తాలు దింపారు. కత్తుల్లేవు. కర్రలున్నాయని ఒక సాక్షి, లేవని ఇంకో సాక్షి. మరి ఇది డెకాయిటీ ఎలా అయింది? చట్టం చూడండి. బలవంతంగా లాక్కుంటే అది రాబరీ. ఐదుగురు గానీ, అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి అదే పని చేస్తే డెకాయిటీ. అంతే తేడా. మనుషుల లెక్క. నలుగురు వెళ్లి ఉంటే వేరే సెక్షను. ఏడుగురు ఆకలి మనుషులు కలిసి వెళ్లారు కాబట్టి బందిపోట్లు. పదేళ్ల కఠిన శిక్షో, యావజ్జీవం ద్వీపాంతరమో వేసే అధికారం ఉంది ఆ సెక్షను కింద. ఆ జడ్జి మూడేళ్లు వేశాడు. కరువు సంగతి ఆయనకీ తెలుసు, తీర్పులో ఒక వాక్యం రాశాడు.

మా ముత్తాత తప్పే చెయ్యలేదని నేను మీకు చెప్పడం లేదు. బండివాడికి దెబ్బ తగిలింది. ఆ బండివాడూ కూలివాడే. ఆయన మనవలూ ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండి ఉంటారు. మన తాతని వెతుక్కుంటూ వెళ్లినప్పుడు అవతలి మనిషి పేరు కూడా అదే కాగితంలో ఉంటుంది, అది మరచిపోకూడదు. నేననేది ఒక్కటే. సెక్షను నంబరు చదివి ఆగిపోకండి. సాక్షుల వాంగ్మూలాలు చదవండి, ముద్దాయి ఏం చెప్పాడో చదవండి. తీర్పు ఇంగ్లీషులో ఉంటుంది, ముద్దాయి మాట చాలాసార్లు తెలుగులో ఉంటుంది. కింద సంతకం ఉండదు, నిశాని ఉంటుంది. మా ముత్తాత నిశాని ఒక అడ్డగీత. కలాన్ని గట్టిగా నొక్కాడు, కాగితం చిరిగింది అక్కడ.

పేర్ల గురించి చెప్పాలి. ఇది చెప్పకుండా ముగించలేను. మీరు అప్పలస్వామి కోసం వెతుకుతుంటారు. రికార్డులో అప్పలస్వామి ఉండడు. అప్పిగాడు ఉంటాడు. ఎర్రయ్య ఉండడు, ఎర్రిగాడు ఉంటాడు. సాక్షి కాస్త ఉన్నవాడైతే పేరు చివర గారు లేకపోయినా నాయుడో పంతులో ఉంటుంది. కూలివాడికి గాడు. పోలీసు రాసిందే గుమాస్తా ఎత్తి రాస్తాడు, అదే తీర్పులోకి ఎక్కుతుంది, అదే జైలు రిజిస్టరుకి పోతుంది. మా ముత్తాతకీ ఇదే జరిగింది. ఆయన పేరు ఇక్కడ చెప్పనని మా చిన్నాన్నకి మాటిచ్చాను, చెప్పను. కానీ ఆ గాడు వల్ల నాకు రెండేళ్లు పోయాయి. పూర్తి పేరుతో వెతుకుతూ కూర్చున్నాను. తండ్రి పేరు, ఊరు, వయసు, ఈ మూడూ కలిస్తే మీ మనిషే. పేరు ఎలా రాసినా సరే.

కొంతమంది ఇళ్లలో ఇంకా పెద్ద బరువు ఉంది. ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు, బాగా చదువుకున్న పిల్లాడు. "మా తాతయ్య చేసిన నేరం ఏమిటో కనుక్కోవాలండీ" అన్నాడు. ఎక్కడుండేవారు అని అడిగితే స్టువర్టుపురం అన్నాడు. మీకందరికీ తెలుసు ఆ పేరు ఎలా వాడతారో. బాపట్ల దగ్గర ఆ సెటిల్‌మెంటు పెట్టింది ఎరుకల కుటుంబాల్ని ఒకచోట ఉంచడానికి. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. హెరాల్డ్ స్టువర్ట్ అని మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు, ఆయన పేరు పెట్టారు. దానికి ఆధారం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, అంటే కొన్ని కులాల్ని మొత్తంగా నేరస్థ జాతులని ప్రకటించే చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల వాళ్లు అంతకుముందు ఏం చేసేవారు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మేవారు. రైలొచ్చింది, సర్కారు ఉప్పు పద్ధతులు మారాయి, ఆ బతుకు పోయింది. తిరిగే మనిషిని చూస్తే పోలీసుకి అనుమానం.

ఆ పిల్లాడికి నేను చెప్పింది ఇది. నాయనా, మీ తాతయ్య పేరు రిజిస్టరులో ఉంటుంది, వేలిముద్రలతో సహా. కానీ నేరం కోసం వెతికితే కనబడకపోవచ్చు. ఎందుకంటే ఆ రిజిస్టరులో ఎక్కడానికి నేరం చెయ్యనక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు. నోటిఫికేషను సరైనదా కాదా అని కోర్టులో అడగడానికి కూడా వీల్లేదని చట్టంలోనే రాశారు. ఊరు దాటాలంటే పాసు. హాజరు వేయించుకోవాలి. ఇలాంటి రిజిస్టరు చూసినప్పుడు దాన్ని నేర చరిత్ర అని చదవకూడదు. ఎవరి మీద నిఘా పెట్టారో చెప్పే చిట్టా అది. మద్రాసులో 1947లోనే ఆ చట్టం తీసేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దానికి ముందు ప్రభుత్వం వేసిన కమిటీకి అధ్యక్షుడు మన చిత్తూరు జిల్లా అనంతశయనం అయ్యంగార్. ఆ ఆగస్టు 31నే విముక్తి దినంగా చేసుకుంటారు విముక్త జాతుల వాళ్లు. చట్టం పోయి డెబ్భై ఏళ్లు దాటినా ఆ ఊరి పేరుని తిట్టులాగా వాడుతున్నాం. నాకు చాలా కోపం వస్తుంది అది వింటే.

సర్కారు ఎవరిని నేరస్థుడు అంటుందో అది కూడా ఎప్పుడూ ఒకలాగే ఉండదండీ. అల్లూరి సీతారామరాజు దళంలో గాం మల్లుదొర ఉన్నాడు కదా. పట్టుబడ్డాడు, శిక్ష పడింది, జైల్లో ఉన్నాడు. 1952లో అదే మనిషి విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు.

జైలు రిజిస్టరు దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన కాగితం అది. ఇష్టం అంటే మీకు వింతగా ఉండొచ్చు. తీర్పులో వాదనలుంటాయి, జైలు రిజిస్టరులో మనిషి ఉంటాడు. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, వృత్తి, ఒంటి మీద గుర్తులు, ఏ సెక్షను, ఎన్నాళ్లు, ఏ పని ఇచ్చారు, బరువెంత, ఎప్పుడు వదిలారు. 1897లో మా ఊరి కూలివాడికి ఫొటో ఎవరు తీస్తారు? భూమి లేదు కాబట్టి పట్టా లేదు. చదువు లేదు కాబట్టి ఉత్తరం లేదు. ఆయన ఎలా ఉండేవాడో ఈ భూమ్మీద ఒక్క జైలు గుమాస్తా మాత్రమే రాసి పెట్టాడు. ఐదడుగుల మూడంగుళాలు. ఎడమ కనుబొమ మీద కోత. కుడి ముంజేతి మీద పచ్చబొట్టు. వయసు 28. నేను ఆ లైను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. మా ముత్తాత నాకంటే నాలుగంగుళాలు పొట్టి అని నాకు అరవై దాటాక తెలిసింది.

బరువు చెప్తాను వినండి. జైలుకి వచ్చిన రోజు 91 పౌన్లు. అంటే నలభై ఒక్క కిలోలు. ఇరవై ఎనిమిదేళ్ల మగవాడు, కూలి పని చేసేవాడు. వదిలిన రోజు 104 పౌన్లు. రెండుసార్లు జైలు ఆస్పత్రిలో చేరాడు, జిగట విరేచనాలు. మా నాయనమ్మ చెప్పిన రాజమండ్రం నీళ్లు అవే. రెండుసార్లు జబ్బుపడి కూడా పదమూడు పౌన్లు పెరిగాడంటే, ఊళ్లో ఏం తిన్నాడో ఆలోచించండి. తీర్పులో ఎవరూ రాయని సంగతి ఆ రెండంకెలు చెప్పాయి నాకు.

మగ్గం పని ఇచ్చారు. మంచి నడవడికకి కొన్ని రోజులు తగ్గించారు. 1900లో వదిలారు. వదిలారండీ! ఆయన జైల్లో చనిపోలేదు. ఆ తరవాత ఏ కాగితంలోనూ లేడు. ఊరికి వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు. గేటు దాటి ఎటు వెళ్లాడు? శిక్షపడిన మనిషి ఊళ్లోకొస్తే ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు. ఏ దొంగతనం జరిగినా ముందు ఆ ఇంటికే వస్తారు. రాజమండ్రి నుంచి కాకినాడ ఎంత దూరం? కాకినాడలో ఓడలున్నాయి. మా నాయనమ్మ అబద్ధం చెప్పిందని ఆరేళ్లు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఆయన నిజంగానే రంగం వెళ్లి ఉంటాడు.

నకలు తీసుకోవాలంటే కోర్టులో దరఖాస్తు పెట్టాలి, కేసులో మీరు పార్టీ కాదు కాబట్టి ఎందుకు కావాలో కారణం రాయాలి. వంశ చరిత్ర అని నిజమే రాయండి. మొదటిసారి లేదంటారు. నన్నూ లేదన్నారు ఒకచోట, మూడుసార్లు. నేను కోర్టువాణ్ణే అయినా సరే. రికార్డు రూములో ఉండే మనిషికి ఏడాది, కోర్టు, కేసు నంబరు చెప్పగలిగితే పని జరుగుతుంది. ఆయనతో మర్యాదగా మాట్లాడండి, ఆ దుమ్ము ఆయన రోజూ పీలుస్తున్నాడు. దొరికినదాన్ని వెంటనే ఫేస్‌బుక్కులో పెట్టకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి.

నేను మా చిన్నాన్నకి చదివి వినిపించాను. ఆయనకి ఎనభై ఆరేళ్లు. చాలాసేపు ఏమీ అనలేదు. మా వైపు సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతాం కదా, తాతలందరి పేర్లూ చెప్పి. మా ముత్తాత పేరు ఎప్పుడూ చెప్పేవాళ్లం కాదు. పోయాడో లేదో తెలియని మనిషికి ఎలా పెడతాం అనేవారు. మొన్న సంక్రాంతికి చిన్నాన్నే బజారుకి వెళ్లి ఒక పంచె ఎక్కువ తెచ్చాడు. పళ్లెంలో పెట్టి, "ఏ పేరు చెప్పాలిరా?" అని నన్ను అడిగాడు. పూర్తి పేరు చెప్పమన్నాను.